రెండు కథల గురూజీ

గురూజీ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను నిచ్చెన మీద ఉన్నాను. ఇస్లాపూర్ బజారులో ఎరువుల దుకాణం షట్టరు మీద మరాఠీలో ‘ఖత’ అని ఎర్ర రంగుతో రాస్తున్నాను. ‘ఖ’ అయింది, ‘త’ మిగిలింది. జేబులో ఫోను మోగింది. గురూజీ కొడుకు.

“పేంటరన్నా, నాయిన పోయిండు. పొద్దుగాల చాయ తాగి పండుకున్నడు, గంతే.”

అలాంటి మాట విన్న మనిషి ఎక్కడైనా కూలబడాలి. నిచ్చెన మీద కూలబడితే ఇంకో చావు కబురు అవుతుంది. అందుకని ‘త’ కూడా రాసేసి దిగాను. దుకాణం సేటు నా ముఖం చూశాడు.

“ఏమైందే? గట్లయిపోయినవ్?”

“ఒకాయన పోయిండు సేటు.”

“నీ దగ్గరి మనిషా?”

నాకు మాట తడుముకోవడం తెలియదు. అవతలివాడు అడగకముందే నా దగ్గర జవాబు ఉంటుంది, దాని వెనక ఇంకో వెటకారం ఉంటుంది. ఆ రోజు మాత్రం కుంచె కిరసనాయిలులో ముంచి కడుగుతూ నిలబడ్డాను. దగ్గరివాడో కాదో ఇప్పటికీ తేలలేదు. తేలుతుందేమోనని ఇది రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. ఆయన రాసిన పిల్లల పుస్తకాల మీద ఉంది, చాలు. మా నాందేడ్ వైపు మరాఠీ బడికి పోయిన ప్రతి పిల్లకూ తెలుసు ఆయన. బడిలో పంతులుగా చేసి దిగిపోయాక ఇస్లాపూర్‌కు కొంచెం దూరంలో పత్తి చేల మధ్య ఇల్లు కట్టుకున్నాడు. బెంగుళూరు పెంకలు, టేకు దూలాలు, ముందు పొడుగాటి అరుగు, అరుగుకు మూడు మెట్లు. పిల్లలు బస్సులేసుకుని వచ్చేవాళ్లు. ఆయన ఎప్పుడూ కిందిమెట్టు మీద కూర్చునేవాడు. నిలబడ్డ పిల్ల తనకంటే ఎత్తుగా ఉండాలట. “కింద కూసుంటే పోరగాండ్లు నిజం చెప్తరు. కుర్చీల కూసుంటే నమస్తే చెప్తరు” అనేవాడు.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి, లేకపోతే తరువాతిది అర్థం కాదు. ఆరో తరగతి సగంలో బడి మానేశాను. మిగతా సగం బడే నన్ను మానేసింది. అక్షరాలు నేను నేర్చుకున్నది షట్టర్ల మీద. మరాఠీ ఇక్కడి దుకాణాల మీద, తెలుగు నిజామాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర. ఉర్దూ కూడా రాస్తాను కానీ చదవలేను, కొంగ బొమ్మ గీసినట్టు గీస్తాను. ఇంట్లో మేము తెలుగువాళ్లం, గడప దాటితే మరాఠీవాళ్లం. గురూజీ కూడా అంతే. బర్రెను తెలుగులో పిలిచేవాడు, మరాఠీలో లెక్క పెట్టేవాడు, తిట్టవలసి వస్తే హిందీ వాడేవాడు. బర్రెకు మూడూ అర్థమయ్యేవి.

ఆయన దగ్గర నా మొదటి పని గోడ. ప్రహరీ గోడ లోపలి వైపంతా మరాఠీ అక్షరాలు, పక్కన బొమ్మలు. నాలుగు రోజుల పని అనుకుని పోయాను. మూడు వారాలు పట్టింది. తప్పు నాది కాదు. నేను గోడ మీద గీస్తుంటే ఆయన వచ్చి నిచ్చెన కాళ్లు పట్టుకుని నిలబడేవాడు. నేను పడతానని భయం కాదు, నేను పారిపోకూడదని. కింద నుంచి కథ మొదలుపెట్టేవాడు, మా తెలుగులో. చెవిలో సుద్దముక్కతో గోక్కునే అలవాటు ఉండేది ఆయనకు. కుడిచెవి ఎప్పుడూ తెల్లగా ఉండేది, పిల్లలు అది ముసలితనం అనుకునేవాళ్లు. చెవి గోక్కుంటూ, నా చేతిని చూస్తూ చెప్పేవాడు. కథలో ఎక్కడ నా కుంచె ఆగిపోతే అక్కడ చెప్పడం ఆపి, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి గీత గీసుకునేవాడు.

“నీ కుంచె ఆగిందంటే కథ నడిచిందన్నట్టురా.”

“నా పని ఆగిందన్నట్టు గురూజీ.”

“నీ పనిదేముంది, ‘గ’ అంటే గణపతి. ఆయన ఎక్కడికి పోతడు, గోడ మీదనే ఉంటడు.”

ఒకసారి కథలో దొంగ పత్తి నింపిన బోరెం సంచిలో దాక్కుని తుమ్మాడు. నేను నవ్విన నవ్వుకు ‘ఛ’ పక్కన గీస్తున్న గొడుగు కర్ర వంకరపోయింది. ఆ గొడుగు ఇప్పటికీ వంకరే. దిద్దుతానంటే వద్దన్నాడు.

ఒకరోజు అడిగాను. “తెలుగుల చెప్పి మరాఠీల రాసుడెందుకు? ఒక్కదాంట్లనే రెండు పనులు చేయరాదా?”

“నవ్వు మా అవ్వ భాషల అస్తదిరా. పుస్తకాలు మరాఠీల అస్తయి. తెలుగు అక్షరం నాకు రాదు. నీకు అస్తది, నాకు రాదు. ఇద్దరం కలిస్తే ఒక్క రచయిత అయితడు.”

ఎంత పెద్ద మాట! నేను నిచ్చెన మీదే ఇంకో మెట్టు ఎక్కినట్టు అయింది. అప్పటి నుంచి కొత్త కథ వచ్చినప్పుడల్లా కబురు పంపేవాడు. గోడ లేకపోతే తలుపు, తలుపు లేకపోతే బర్రెల కొట్టానికి రంగు. బర్రెకు దేనికండీ నీలం రంగు కొట్టం? కథ వినేవాడి చేతిలో కుంచె ఉండాలి కాబట్టి.

నేను పుస్తకాలు చదివేవాడిని కాదు. అరడుగు కంటే చిన్న అక్షరం నాకు అలవాటు లేదు. అయినా ముందే విన్నవాడిని, మళ్లీ చదవడమేమిటి? ఇది నా మొదటి తెలివితక్కువ.

అలా ఒక మధ్యాహ్నం నేనే ఆయనకు ఒక కథ చెప్పాను. నా బడి కథ.

మా ఊరి బడికి పై ఆఫీసు నుంచి పెద్దసాబు వస్తున్నాడంటే పంతులు ముందురోజే ఏర్పాట్లు చేసేవాడు. గోడలకు సున్నం, పిల్లలకు స్నానం, మొద్దుపిల్లలకు సెలవు. సెలవంటే ఇంటికి పోవడం కాదు, ఇంట్లో ఉంటే ఎవరైనా చూస్తారు. తన కందిచేనుకు తోలేవాడు, తన మేకలు కాయడానికి. తరగతిలో మిగిలిన పిల్లలు గడగడా చదువుతారు, సాబు సంతోషపడి పోతాడు. ఆ సంవత్సరం చేనులో దాచిన నలుగురిలో నేనొకణ్ని. సాబేమో మోటారుసైకిల్ మీద దారి తప్పి సరిగ్గా కందిచేను గట్టు మీదికి వచ్చాడు. మమ్మల్ని చూసి బండి ఆపాడు.

“బడికి పోలేదా?”

నేను చెప్పాను. “ఇయ్యాల బడికి పెద్దసాబు అస్తుండట. మాకు సదువు రాదని పంతులు మమ్ములను ఇక్కడ దాసిండు. మీరు ఎవలో గని, సాబుకు చెప్పకుండ్రి, పంతులు కొడ్తడు.”

ఆయన నవ్వి, నన్ను బండి ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయాడు. పంతులి కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, “నీకు ఏమేమి రాదో చెప్పు” అన్నాడు. నేను ఒక్కొక్కటే చెప్పాను. పంతులు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నా జీవితంలో అంత ఎత్తు కుర్చీ మళ్లీ ఎక్కలేదు. సాబు మరుసటిరోజు లేడు. పంతులు ఉన్నాడు. ఆ వారమే నా చదువు ముగిసింది.

గురూజీ అది విన్నప్పుడు చేతిలో సుద్దముక్క లేదు, నోటుబుక్కు లేదు. నిచ్చెన కూడా వదిలేశాడు. వారం తరువాత పిలిచి ఆ కథే నాకు చెప్పాడు. పిల్లవాడి పేరు పోశెట్టి. సాబుతో “సాబుకు చెప్పకుండ్రి” అన్నచోట నేను నా కథకే నవ్వాను. పోశెట్టి కుర్చీ ఎక్కడంతో కథ అయిపోయింది. మరుసటిరోజు కొట్టిన దెబ్బలు ఆయన తీసేశాడు. అవి తీసేసినందుకు ఆయన కాళ్లు మొక్కాలనిపించింది.

పుస్తకం అచ్చయింది. పోశెట్టి మరాఠీలో పోశ్యా అయ్యాడు. బస్సులు ఎక్కువయ్యాయి.

బస్సు దిగిన పిల్లలకు ఆయన ఇంట్లో ఒక రివాజు ఉండేది. పుస్తకం మీద సంతకం కావాలంటే ముందు ఒక అబద్ధం చెప్పాలి, నమ్మేటట్టు చెప్పాలి. “మా ఇంట్లో ఏనుగు ఉంది” అంటే సంతకం లేదు. ఒక బుడ్డోడు వాళ్ల సారును పక్కన పెట్టుకుని, “మా సార్లు మమ్మల్ని ఎప్పుడూ కొట్టరు” అన్నాడు. గురూజీ రెండు సంతకాలు పెట్టాడు. సారు చేను వైపు చూశాడు.

సంతకాలు అయ్యాక నన్ను పిలిచేవాడు. నేను ఎక్కడో రంగు కలుపుతూ ఉండేవాణ్ని.

“హాచ్ తో పోశ్యా!” వీడేరా ఆ పోశ్యా!

పిల్లలు కిలకిలా నవ్వేవాళ్లు. కొందరు మేకలా అరిచేవాళ్లు. ఎందుకు అరుస్తున్నారో నాకు తెలియదు, మేకలు కాసినవాణ్ని కదా, అభిమానం అనుకున్నాను. నేనూ తిరిగి అరిచేవాణ్ని. టోపీ లేకపోయినా తీసినట్టు చేసి వంగి సలాం కొట్టేవాణ్ని. ఆరేళ్లు కొట్టాను ఆ సలాములు. ఊళ్లో ఎవరైనా అడిగితే, “నేను పుస్తకంల ఉన్న, నువ్వు రేషన్ కార్డుల ఉన్నవ్” అని వెక్కిరించేవాణ్ని.

మా బిడ్డ అశ్విని ఏడో తరగతికి వచ్చింది. ఒకరోజు బడి నుంచి వచ్చి సంచీ గూట్లో పెట్టకుండా నా ముందు నిలబడింది.

“బాపు, నువ్వు మేకను బడికి తోలుకపోయినవా?”

“ఏ మేక?”

“మేకకు సదువు చెప్పుండ్రి అని పంతుల్ని అడిగినవట.”

“నేనెందుకు అడుగుత? మేకకు నాకంటే ఎక్కువ సదువు అచ్చు.”

బిడ్డ నవ్వలేదు. సంచీలోంచి పుస్తకం తీసింది. వాళ్ల తరగతిలో సారు అది చదివి వినిపించాడట, ఇది ఫలానా పిల్ల తండ్రి కథ అని కూడా చెప్పాడట, గొప్పే అనుకుని. అప్పటి నుంచి పిల్లలు దాన్ని ‘పోశ్యాచీ పోర్’ అంటున్నారు. పోశ్యా బిడ్డ. అది బల్ల మీద కూర్చోగానే వెనక నుంచి ఒకడు మేకలా అరుస్తాడు.

“సదువు, ఇంట” అన్నాను. వాకిట్లో కూర్చుని అది చదివింది, నేను విన్నాను. నా కుంచె కాదు, నేనే ఆగిపోయాను.

పుస్తకంలో పోశ్యాను ఎవరూ దాచలేదు. బడంటే భయపడి వాడే పారిపోయి మేకలు కాస్తుంటాడు. సాబును సాబని గుర్తుపట్టక మేక తాడు ఆయన చేతిలో పెట్టి, జర పట్టుకోండి, మూత్రానికి పోయి వస్తా అంటాడు. మేక సాబును ఈడ్చుకుంటూ బడికి పోతుంది. వెనక పోశ్యా ఉరుకుతాడు. పంతులు ఎంత మంచివాడంటే, నవ్వుకుని, పోశ్యా చెవి పట్టుకుని లోపల కూర్చోబెడతాడు. మేకను బల్ల కింద కట్టేస్తాడు. చివరి మాట ఏమిటంటే, ఆ రోజు మేక కొంచెం నేర్చుకుంది, పోశ్యా ఏమీ నేర్చుకోలేదు.

బొమ్మలు కూడా ఉన్నాయి. పోశ్యా నోరు తెరుచుకుని ఉంటాడు ప్రతి బొమ్మలో.

“నాకు చెప్పిన కథ ఇది కాదే” అన్నాను.

“నీకు చెప్పిందేదో నాకెర్కనా బాపు? అందరికి ఎర్కైంది ఇది.”

మరుసటి ఆదివారం దాన్ని బండి మీద ఎక్కించుకుని గురూజీ ఇంటికి పోయాను. దారంతా నేనే మాట్లాడాను. ఆయన మంచివాడే, పొరపాటయి ఉంటుంది, అచ్చువేసేవాళ్లు మార్చి ఉంటారు అని. బిడ్డ నా వీపు వెనక పుస్తకం పట్టుకుని కూర్చుంది.

గురూజీ కిందిమెట్టు మీద ఉన్నాడు. సాసరులో చాయ పోసి ఊదుతున్నాడు. ఆయన ఊదితే చాయ కంటే ముందు ఆ చప్పుడుకే చల్లారేది. బిడ్డను చూసి ముఖం వెలిగింది. దాని చేతిలో పుస్తకం ఉంది కదా, సంతకానికి వచ్చిందనుకున్నాడు.

“రా బిడ్డా, రా. మా పేంటర్ బిడ్డవా? రివాజు ఎర్కేనా? ఒక అబద్ధం చెప్పు. నేను నమ్మాలె.”

అది పుస్తకం రెండు చేతులతో ముందుకు చాపింది. కళ్లు తిప్పకుండా చెప్పింది.

“ఈ పుస్తకంల మా బాపుది ఉన్నదున్నట్టు రాసిన్రు తాతా.”

గురూజీ ముందు పకపకా నవ్వాడు. పొలమారింది, చాయ ఒలికింది. జేబులోంచి పెన్ను తీశాడు. మూత తీశాక ఆగాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. అయినా సంతకం పెట్టాడు. నేను ఆయనను ప్రేమించిందీ అందుకే, తిట్టుకునేదీ అందుకే. మంచి మాట ఎవరు అన్నా ఆయన ఓడిపోయేవాడు. తన మీద అన్నా సరే.

బిడ్డ పుస్తకాన్ని మెట్టు మీదే పెట్టి బండి దగ్గరికి పోయి నిలబడింది.

“గురూజీ, నాకు చెప్పిందొకటి, రాసిందొకటి.”

“కథలు అట్లనే ఉంటయిరా. రాసేటప్పుడు అవే తిరుగుతయి.”

“తిరిగితే తిరగనియ్యుండ్రి. పంతులు ఎటు తిరిగిండు? దాసింది ఆయన. పుస్తకంల నేనే ఉరికిన.”

ఆయన చెవిలో సుద్దముక్క పెట్టి గోక్కున్నాడు, చాలాసేపు. “ఈ పుస్తకం ఎక్కడికి పోవాలె? బళ్లకు. బడిల ఎవలు సదివి చెప్పాలె? పంతులు. పంతులు పిల్లలను చేన్ల దాసిండని రాస్తే ఏ పంతులు దాన్ని అల్మారల నుంచి తీస్తడు? నువ్వే చెప్పు.”

“నిజమే.”

“మరి?”

“మరి నన్నెందుకు తీసిన్రు అల్మారల నుంచి?”

ఆయన ఒలికిన చాయను అరచేత్తో తుడిచాడు. ఆయనా పంతులే కదా, ముప్పై ఏళ్లు పెద్దసాబులు వస్తున్నారని గోడలకు సున్నం కొట్టించినవాడే. ఆయన చేను ఎక్కడుండేదో, అందులో ఎవరిని దాచేవాడో నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

నేను పోట్లాడటానికి పోలేదు, బతిమాలడానికి పోయాను. “నాకోసం కాదు గురూజీ. నాకు సిగ్గెక్కడిది, షట్టరుకు రంగు కొట్టినట్టు కొట్టేసుకున్న. పోరి బడి బందు చేస్త అంటుంది. ఇంట్ల మూడు తరాలల్ల ఏడు దాకా అచ్చింది ఇదొక్కతే. అసలు కథ రాయుండ్రి. ఒక్క పేజీ చాలు.”

ఆయన లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ గుర్తుంది. “రెండోసారి అచ్చుకు పోతుంది. దిద్దుత. నీ బిడ్డకు చెప్పు, తాత దిద్దుతా అన్నడని.”

దారిలో బిడ్డకు చెప్పాను. “దిద్దుతడట.”

“దిద్దుతడంటే పోత బడికి” అంది. నవ్వింది కూడా. ఆ ఏడు పోయింది బడికి, మేకలు అరుస్తున్నా పోయింది. తాత దిద్దుతాడని వాళ్లతో పందెం కట్టిందట.

మరుసటి ఏడు రెండో ముద్రణ వచ్చింది. గురూజీ స్వయంగా పిలిచి చేతికిచ్చాడు. అట్ట మీద పోశ్యా నోరు మూసుకున్నాడు, సంతోషించాను. మేక అలాగే ఉంది. పంతులు ఇంకా మంచివాడు అయ్యాడు. చివర ఒక కొత్త పేజీ ఉంది. పోశ్యా పెద్దవాడై పేంటర్ అవుతాడు. బడికి బోర్డు రాయమంటే తలకిందులుగా రాస్తాడు. ఊరంతా తల కిందికి పెట్టి, కాళ్లు పైకెత్తి చదువుతారు. బొమ్మ బాగుంది. నిచ్చెన, డబ్బా, చెవి మీద కుంచె, అచ్చం నేనే.

“చూసినవా? నిన్ను నిలబెట్టిన. పోశ్యా పనికిరానోడు కాదు, పనిమంతుడయిండు.” ఆయన కళ్లలో నిజమైన సంతోషం. నాకు మేలు చేశాననే అనుకున్నాడు. ఆయన రాసిన పేజీ నేను అడిగిన పేజీ కాదని ఆయనకు తెలియలేదనే నా అనుమానం. తెలిసి చేసి ఉంటే తిట్టడానికి సులువుగా ఉండేది.

మొదటి పేజీలో ఆయన చేత్తో రాసి ఉంది, ‘నా పోశ్యాకు, ప్రేమతో.’

ఆ పేజీ వచ్చాక బజారులో పిల్లలు నా బోర్డుల కింద నిలబడి తలలు వంచి చదవడం మొదలుపెట్టారు. బిడ్డ ఎనిమిదో తరగతి పరీక్షల ముందు పుస్తకాలు గూట్లో పెట్టింది. ఏడవలేదు, అరవలేదు. పక్కింటి అక్క దగ్గర జాకెట్లు కుట్టడం నేర్చుకుంటానంది. నేను జోకులు వేసి చూశాను, తిట్టి చూశాను, ఒక రోజు అన్నం మానేసి చూశాను. “బాపు, నువ్వు ఆరుకే బందు చేసినవ్, నేను ఎనిమిది దాకా పోయిన. గెలిచిన గద” అంది. నా నోటితోనే నా మీద.

ఆ తరువాత నేను గురూజీ ఇంటికి పోలేదు. రెండుసార్లు కబురు పంపాడు, కొత్త కథ ఉంది, గేటుకు రంగు వేయాలి అని. పని ఉందన్నాను. పని లేదు. ఊరంతా ఫ్లెక్సులు వచ్చాయి, చేతిరాతకు గిరాకీ ఎక్కడిది? అయినా పని ఉందన్నాను. నేను లేక ఆయన ఎవరి కుంచె చూసి గీతలు గీసుకున్నాడో తెలియదు. తరువాత పుస్తకమేదీ రాలేదు. మోకాళ్లు నొప్పులని అన్నారు. ఒకసారి వారం సంతలో దూరం నుంచి చూశాను. కూరగాయలమ్మ ముందు నేల మీద కూర్చుని ఏదో చెబుతున్నాడు, ఆమె తూకం ఆపి వింటున్నది. నేను పక్క సందులోకి తిరిగాను. ఇప్పుడు ఆ సందు గుర్తొస్తే నా మీదే కోపం వస్తుంది.

పదమూడో రోజు అయ్యాక గురూజీ కొడుకు మళ్లీ ఫోను చేశాడు. ఇంటి వాకిట్లోనే సంతాప సభ, నాందేడ్ నుంచి పెద్దలు వస్తున్నారు, రెండు బళ్ల పిల్లలు వస్తున్నారు.

“నువ్వు రెండు ముక్కలు మాట్లాడాలె అన్నా. పోశ్యావు నువ్వే గద.”

ఆలోచించి చెబుతానన్నాను. బిడ్డ మిషన్ తొక్కుతూ వింటున్నది. పదహారు దాటింది దానికి. అంతకు నెల ముందే బడి మేడమ్ ఒకామె ఇంటికొచ్చి పదిహేడు నంబర్ ఫారం ఇచ్చిపోయింది. బడికి పోకుండా నేరుగా పదో తరగతి పరీక్ష రాసేవాళ్లు నింపే ఫారం. అది ఆ నెలంతా మిషన్ సొరుగులోనే ఉంది. ఆ పిల్లల మధ్యకు, ఆ పరీక్ష హాలుకు నేను పోనంటే పోను అంది బిడ్డ.

“పోతవా?” అంది మిషన్ ఆపి.

“పోవాల్నా?”

“పో. పోయి అసలు కథ చెప్పు. ఆ సార్ల ముందట, ఆ పోరగాండ్ల ముందట. పంతులు దాసిండని చెప్పు. నువ్వు చెప్తే నేను ఫారం నింపుత.”

“నిజంగనా?”

“నేను నీ లెక్క జోకులెయ్య బాపు.”

సభ నాటికి అంగీ ఇస్త్రీ చేయించాను. మరాఠీలో ఏం చెప్పాలో మూడు రోజులు షట్టర్లకు చెప్పి చూసుకున్నాను. పేరు పేరునా ఎవరినీ తిట్టను. పెద్దాయనకు దండం పెడతాను. తరువాత కందిచేను, మోటారుసైకిల్, కుర్చీ. అంతే.

వాకిట్లో షామియానా. అరుగు మీద గురూజీ ఫోటో, దండ. కిందిమెట్టు మీద ఎవరో పూలు పెట్టారు, ఎవరూ కూర్చోకుండా. ముందు చాపల మీద పిల్లలు, వెనక కుర్చీల్లో సార్లు, మేడమ్‌లు. బిడ్డ ఆడవాళ్లతో కాకుండా గేటు దగ్గర నిలబడింది. దాని చేతిలో సంచీ ఉంది, సంచీలో ఫారం ఉంది, నాకు తెలుసు. పెద్దలు మాట్లాడారు. ఆయన పిల్లల మనసు తెలిసినవాడని అందరూ అన్నారు. నిజమే, నేను కాదనను. ఆయన కొడుకు మైకు పట్టుకుని నవ్వుతూ, ఏడుస్తూ పిలిచాడు.

“హాచ్ తో పోశ్యా!”

పిల్లలు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు.

నేను మైకు ముందు నిలబడి ఫోటోకు దండం పెట్టాను. చెప్పాను. “నేను పారిపోలేదు. నన్ను దాచారు.” పంతులి చేను సంగతి చెప్పాను, సున్నం సంగతి చెప్పాను. మరాఠీలో నా మాట బానే నడిచింది. చప్పట్లు ఆగిపోయాయి. షామియానా కింద ఎంత నిశ్శబ్దం అయిందంటే కొట్టంలో బర్రె గొలుసు వినబడింది. వెనక కుర్చీల్లో సార్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. ముందువరసలో పిల్లలు అయోమయంగా నన్ను చూస్తున్నారు. వాళ్ల కళ్లలో నేను పాడైపోయిన పోశ్యాను. నేను బతుకంతా నలుగురు నవ్వే చోట నిలబడినవాణ్ని, అలాంటి నిశ్శబ్దంలో ఎప్పుడూ నిలబడలేదు. కాళ్ల కింద నిచ్చెన మెట్టు జారినట్టు అయింది.

ముందు చాప మీద ఒక బుడ్డది, రెండో తరగతి ఉంటుందేమో, మెల్లగా అడిగింది. “మరి మేకేది?”

అందరూ నవ్వారు. సార్లు కూడా, హమ్మయ్య అన్నట్టు.

ఆ నవ్వు నా ఒంటికి వెచ్చగా తగిలింది. నేను ఏం చేశానో నాకు తెలుసు. ఎవరూ బలవంతం చేయలేదు, అచ్చువేసేవాళ్లు మార్చలేదు. నేను మేకలా అరిచాను.

తరువాత ఆగలేదు. తాడు సాబు చేతిలో పెట్టాను, మేక ఈడ్చింది, సాబు ఉరికాడు, టోపీ లేకపోయినా టోపీ ఎగిరింది. మైకు చుట్టూ ఉరికాను. పిల్లలు చాపల మీద పడి దొర్లారు. గురూజీ భార్య కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది, ఇన్ని రోజులకు నవ్విందని పక్కవాళ్లు అన్నారు. పంతులు చెవి పట్టుకుని లోపల కూర్చోబెట్టే చోట వెనక కుర్చీల నుంచి ఈలలు కూడా వచ్చాయి. చివర పోశ్యా ఏమీ నేర్చుకోలేదన్న మాట నేను అనకముందే పిల్లలంతా కలిసి అనేశారు, వాళ్లకు కంఠతా వచ్చు.

మా గురూజీ రాసేటప్పుడు ఆయనకేమైందో నాకు అప్పుడు తెలిసింది. ఆయనకు కాగితం ముందు ఉంది, నాకు షామియానా. అంతే తేడా. తెలిసినందువల్ల కోపం తగ్గలేదు. దాన్ని పంచుకునేవాళ్లం ఇద్దరమయ్యాం.

శాలువా కప్పారు. నేను దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి బిడ్డ బండి పక్కన ఉంది. నాకు చెమట కారుతోంది. వెధవ నోరు, అలవాటుగా అడిగాను.

“ఎట్లున్నదే?”

“మంచిగున్నది బాపు. అందరు నవ్విన్రు.”

ఎగతాళి లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. సంచీలోంచి ఫారం తీసింది. పేరు, ఊరు, పుట్టిన తేదీ, అన్నీ నింపి తెచ్చింది. దాని సంతకం ఒక్కటే మిగిలి ఉంది. దాన్ని మడిచి నా చొక్కా జేబులో పెట్టింది, శాలువా జరిపి, జాగ్రత్తగా, నలగకుండా.

“ఎనకంత తెల్లగున్నది. అక్షరాలు గీసుకోనీకి పనికస్తది” అని బండి వెనక కూర్చుంది.